మూడు అడ్డాకు పొట్లాలు

ఒక మాట ఏళ్ళ తరబడి నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. ఎన్నేళ్ళని అడగకండి. బతుకంతా పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ ఒక్క లెక్క మాత్రం వేయడం మానేశాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. చెబితే నర్సీపట్నంలో నన్ను గుర్తుపట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. "ఆ మేష్టారా! ఎంత నిదానస్తుడండీ, డబ్బు సంగతి ఆయన్నే అడగాలి" అనేవాళ్ళున్నారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా నాకు చెంప మీద కొట్టినట్టుంటుంది. పైకి నవ్వుతాను. నవ్వడం అలవాటైపోయింది.

చెప్పేస్తాను. మా పిన్నిని మోసం చేశాను. అమ్మవారి పటం ముందు కూర్చోబెట్టి మరీ చేశాను.

మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. రాయవరం వైపు పల్లెలో ఉన్న నన్ను పిన్ని తనతో నర్సీపట్నం తీసుకొచ్చింది. ఆమెకు పిల్లలు లేరు. నాకు తలంటి, జుట్టు దువ్వి, బడికి పంపింది ఆవిడే. మేష్టరు ట్రైనింగుకి విశాఖపట్నం వెళ్ళేటప్పుడు చేతి గాజులు తీసి ఇచ్చింది. "ఇవి ఉంటే ఏటి, లేపోతే ఏటి" అంది. నాకు ఉద్యోగం వచ్చిన రెండో ఏడు బాబాయి పోయాడు. పిన్ని తన బావగారింట్లోనే, అంటే బాబాయి అన్నగారింట్లోనే ఉండిపోయింది.

ఆ బావగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. చెడ్డవాడని అనలేను. ఆయన భార్య కూడా గయ్యాళి ఏమీ కాదు. కానీ ఆ వంటింటికి ఆవిడ యజమాని, పిన్ని పనిమనిషికి ఒక మెట్టు పైన, అంతే. పదిమందికి వండేది పిన్ని. తనకోసం చారెడు బియ్యం వేసుకోవాలంటే మాత్రం తోటికోడలి ముఖం వైపు చూడాలి. ఒకసారి నేను వెళ్ళినప్పుడు నాకు కాఫీ పెట్టబోయింది. పొయ్యిలో పుల్ల పెట్టే ముందు పక్కకి తిరిగి చూసింది. తోటికోడలు తల ఊపాకనే అగ్గిపుల్ల గీసింది. ఆ చూపు నేను చూశానని పిన్నికి తెలిసింది. బయటికొచ్చాక అంది, "నా పొయ్యి నాకుండాలిరా. ఒక్క పొయ్యి. దాని మీద నా గిన్నె."

ఆవిడ కోరిక అంతే. బడి వెనక వీధిలో రెండు గదుల పెంకుటిల్లు ఒకటి చూసి పెట్టుకుంది. దాని వంటగదిలో గోడవారగా ఎర్రమట్టితో కట్టిన పొయ్యి ఉందని నాతో ఎన్నిసార్లు చెప్పిందో! బాబాయి వాటా పొలాన్ని పెద్దమనుషుల్లో పెట్టి చివరికి బావగారే కొన్నాడు. పిన్ని చేతికి ఎనిమిది వందల రూపాయలు వచ్చాయి. ఆ డబ్బు ఎక్కడ పెడితే ఆవిడకి ఇల్లూ తిండీ రెండూ వస్తాయి? అదీ ప్రశ్న. ఆ ప్రశ్న నా దగ్గరికి రాక ఎవరి దగ్గరికి వెళుతుంది?

ఎందుకంటే ఆ రోజుల్లో నేను ఊళ్ళో అందరికీ డబ్బు సలహాలు చెప్పేవాణ్ణి. సాయంత్రం బడి వదిలాక మా అరుగు మీద కచేరీ. బెల్లం అమ్ముకున్న రైతు వచ్చేవాడు, పింఛను అందుకున్న గుమాస్తా వచ్చేవాడు. నేను చెప్పేవాణ్ణి: రూపాయిలు మూడు రకాలు. నిద్రపోయే రూపాయి పోస్టాఫీసులో ఉంటుంది, దానికి భయం లేదు, ఎదుగుదలా లేదు. నడిచే రూపాయి పొలం. పరిగెత్తే రూపాయి వ్యాపారం, కానీ పరిగెత్తేదే బోర్లా పడుతుంది. నీ దగ్గర ఎంత ఉందని కాదు, ఎంత పోతే నువ్వు బతకగలవో చూసుకుని దారి ఎంచుకో. వాళ్ళు తలలూపేవాళ్ళు. నేను చెప్పింది తప్పు కూడా కాదు. ఇప్పటికీ అదే చెబుతాను.

మరి నేనేం చేశాను? నా భార్య బంగారు గొలుసు తాకట్టు పెట్టి, నా జీతంలో దాచినదంతా కలిపి, ఆరు వందలు ఒక షావుకారు పసుపు వ్యాపారంలో పెట్టాను. గొలుసు కొక్కెం ఊడిందని, కంసాలి దగ్గర ఉందని ఇంట్లో చెప్పాను. నడవండి నడవండని ఊరికి చెప్పి నేను పరిగెత్తాను.

ఆ వ్యాపారం ఇలా ఉండేది. కొయ్యూరు పైన కొండ గూడేల్లో పసుపు వేసేవాళ్ళకు షావుకారు మనుషులు ముందుగానే ఉప్పు, బట్ట, కొంత రొక్కం ఇచ్చి వస్తారు. పసుపు తవ్వాక అనుకున్న ధరకే షావుకారుకి ఇవ్వాలి. ఆ ధర ఎంత తక్కువో నేనెప్పుడూ అడగలేదు. దిగువన ఎంత పలుకుతుందో మాత్రం అడిగాను. మదుపు పెట్టినవాళ్ళకు లాభంలో వాటా. నేను కాగితం మీద గుణించి చూసుకున్నాను. మా పల్లెలో పసుపు తొలకరికి వేస్తే మాఘంలో తవ్వుతారు. అంటే ఏడాది తిరక్కుండా డబ్బు చేతికొస్తుంది. వచ్చిన లాభంతో గొలుసు విడిపించినా ఇంకా మిగులుతుంది. లెక్కలో తప్పు లేదు.

మాఘం వచ్చింది. షావుకారు దగ్గరికి వెళ్ళాను. ఆయన పేరు పైడయ్య అనుకుందాం. నన్ను చూసి పగలబడి నవ్వాడు. "ఏటండీ మేస్టారూ, కొండ పసుపు రెండేళ్ళు బూమిలో ఉండాల. ఒక్క వానకి తవ్వితే అందులో ఏటుంటాది? ఇది కూడా తెలీకుండానే డబ్బెట్టీసినారా?"

తెలియకుండానే పెట్టాను. సంతకు వచ్చే ఏ కొండమనిషిని అడిగినా చెప్పేవాడు. వాళ్ళను అడగాలని నాకు తోచనే లేదు. పల్లపు పంట లెక్కను కొండకు వేశాను. లెక్కల మేష్టారిని కదా! గొలుసు మీద వడ్డీ పాము పొదలో పెరిగినట్టు పెరుగుతోంది, పసుపేమో మట్టిలో నింపాదిగా ఊరుతోంది.

సరే, ఇంకో ఏడాది ఓపిక పట్టేవాణ్ణేమో. ఆ ఏడే మన్యంలో గొడవలు లేచాయి. పోలీసు దళాలు మా ఊరి మీదుగానే కొండల్లోకి వెళ్ళాయి. సంతలు ఆగిపోయాయి. గూడేలకు గూడేలు ఖాళీ అయ్యాయని, మనుషులు అడవిలో తలదాచుకుంటున్నారని చెప్పుకున్నారు. షావుకారు బళ్ళు ఘాటీ ఎక్కడం మానేశాయి. ఆయన పైకి ధైర్యంగా మాట్లాడేవాడు కానీ ముఖంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. పరిగెత్తే రూపాయి బోర్లా పడబోతోందని నాకు అర్థమైంది. ఊళ్ళో అందరికంటే ముందు నాకే అర్థమైంది, అదీ నా ఖర్మ.

ఇంతలో మా బావమరిది పెళ్ళి వైశాఖంలో కుదిరింది. గొలుసేదని నా భార్య రోజూ అడగడం మొదలుపెట్టింది. మా మామగారు నోరు మంచివాడు కాదు. నలుగురిలో నా భార్య బోసి మెడతో నిలబడితే ఆయన ఏమంటాడో నాకు అక్షరాలా తెలుసు. మీరు నవ్వుతారు. నవ్వండి. ఒక మనిషి బతుకు మీద దెబ్బకొట్టడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం లేదు. ఒక పెళ్ళిలో ఒక మెడ బోసిగా ఉండకూడదు, అంతే.

షావుకారుని కాళ్ళావేళ్ళా బతిమాలాను. ఆఖరికి ఆయన ఒక ఉపాయం చెప్పాడు. "మీ వాటాలో ఇంకోళ్ళని కూకోబెట్టండి మేస్టారూ. ఆళ్ళ సొమ్ము నా సేతికి రాగానే మీది మీకు ఇచ్చీస్తాను. బేగి సూడండి మరి. ఆలీసమైతే నాను కూడా ఏటీ సెయ్యలేను."

ఆ మాట విన్నాక ఇంటికి నడుస్తున్నాను. పిన్ని ఎనిమిది వందలు నాకు గుర్తుకు రాలేదని చెబితే బాగుండును. షావుకారు నోట మాట పూర్తికాక ముందే గుర్తొచ్చింది.

రెండు రోజులకే పిన్ని వచ్చింది. పొద్దున్నే, పని మధ్యలో ఎలాగో తీరిక చేసుకుని వచ్చింది. మా అరుగు మీద పక్కింటి పింఛను గుమాస్తా కూర్చుని ఉన్నాడు. నా భార్య తలుపు దగ్గర బియ్యం ఏరుతోంది. పోస్టాఫీసు, గొలుగొండలో తాకట్టుకి వచ్చిన పొలం, షావుకారు పసుపు వ్యాపారం, మూడు దారులూ పిన్నికి విడమర్చి చెప్పాను. క్లాసులో కూడా ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు.

"పోస్టాపీసులో ఏస్తే ఇంటద్దెకి సాలుతాదా?" అంది పిన్ని.

"అద్దెకే చాలదు పిన్నీ. కానీ అసలు ఎక్కడికీ పోదు."

"మరి ఆ గొలుగొండ పొలం?"

"తాకట్టు పట్టుకుంటే ఏటా ధాన్యం వస్తుంది. నీ ఒక్కదాని తిండికి సరిపోతుంది. చెరువు నిండని ఏడు కష్టం."

"పసుపో?"

"కలిసొస్తే నీ ఇల్లు నీకు, నీ తిండి నీకు. లేకపోతే అసలే పోతుంది. పైగా కొండల్లో రోజులు బాగులేవు."

పిన్ని నా ముఖంలోకి చూసింది. "నువ్వయితే ఏటి సేస్తావురా?"

"పోస్టాఫీసులో వేస్తాను" అన్నాను.

నిజమే చెప్పాను. చూశారా? ఆ పూట నా నోట ఒక్క అబద్ధం రాలేదు. పక్కింటాయన "అదీ మాట" అన్నాడు. నా భార్య కూడా తలెత్తి మెచ్చుకోలుగా చూసింది. రేపు ఏం జరిగినా నా వైపు వేలెత్తి చూపడానికి లేకుండా సాక్షులను సిద్ధం చేసుకున్నాను. కానీ పిన్ని అక్కడితో "సరే, పోస్టాపీసే" అనేసి ఉంటే? అనదని నాకు తెలుసు. బాబాయికి ఏ వైద్యం చేయించాలన్నా, నన్ను ట్రైనింగుకి పంపాలా వద్దా అన్నా, ఆవిడ చివరి మాట అమ్మవారిదే.

"నువ్వు సెప్పింది బాగానే ఉంది గాని, నాకు ఆశ సావట్లేదురా. ఆ ఇల్లు కళ్ళలోనే తిరుగుతోంది. పువ్వులు పెట్టి అమ్మని అడుగుదాం" అంది.

మీ వైపు ఈ ఆచారం ఉందో లేదో. ఎటూ తేలని సంగతి ఉంటే ఒక్కో దారికి ఒక్కో రంగు పువ్వు అనుకుంటారు. ఒక్కోదాన్ని ఆకులో చుట్టి, ఏ పొట్లంలో ఏముందో తెలియకుండా కట్టి, అమ్మవారి ముందు పెడతారు. తలంటుకుని వచ్చి, దణ్ణం పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. అందులో ఏ పువ్వుంటే అదే ఆవిడ మాట. మిగతా పొట్లాలు విప్పకూడదు. విప్పితే ఆవిడను అనుమానించినట్టు. వాటిని పారే నీళ్ళలో వదిలేస్తారు.

శుక్రవారం నాడు పిన్ని తడిజుట్టుతో మా ఇంటికి వచ్చింది. పువ్వులు తనే తెచ్చింది. పోస్టాఫీసుకు తెల్ల గన్నేరు, పొలానికి ఎర్ర గన్నేరు, పసుపుకు పచ్చ గన్నేరు. "కట్టేది నువ్వే కట్టు, నాను సూడకూడదు" అని నా చేతిలో పెట్టి దేవుడి గదిలో కూర్చుంది. నేను పెరట్లోకి వెళ్ళాను. మా పెరటి గోడ పక్కనే పచ్చ గన్నేరు చెట్టు. ఇంకో రెండు పువ్వులు కోశాను. తెల్లదీ ఎర్రదీ చొక్కా జేబులో కుక్కాను. విస్తళ్ళు కుట్టే అడ్డాకులు మూడు తీసుకుని, మూడింటిలోనూ పచ్చపువ్వే పెట్టి అరటినారతో కట్టాను. నా చేతులు వణకలేదు. వణికి ఉంటే ఇప్పుడు మీకు చెప్పుకోవడానికి ఆ మాత్రమైనా ఉండేది.

పొట్లాలు పటం ముందు వరసగా పెట్టాను. పిన్ని కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. చేయి చాపింది. ఆ చేయి నడిమి పొట్లం మీదికి వెళ్ళింది, ఆగింది, వెనక్కి వచ్చింది. కుడివైపు వెళ్ళబోయి మళ్ళీ ఆగింది. తన బతుకంతా ఆ వేళ్ళ చివర ఉన్నట్టు తడుముకుంటోంది పాపం. ఏది తీసినా ఒకటేనని తెలిసి నేను పక్కనే చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆఖరికి ఎడమవైపుది తీసింది. విప్పింది. పచ్చపువ్వు.

ముందు భయపడింది. తరువాత ఆ ముఖం ఎలా విప్పారిందో చెప్పలేను. "అమ్మ ఇల్లే ఇస్తానంటోందిరా!" అంది.

నేను గబగబా మిగతా రెండు పొట్లాలూ తీయబోయాను. ఆవిడే ముందు తీసుకుంది. "నాను ఎలాగూ ఏటికి ఎల్తున్నాను కదా, నీళ్ళకి. ఇడిసేస్తాను."

"విప్పకూడదు పిన్నీ" అన్నాను.

"ఆ మాత్రం తెలీదేటి నాకు?"

వస్తూ తెచ్చుకున్న బిందె చంకన పెట్టుకుని వెళ్ళింది. ఆవిడ వెళ్ళాక తట్టింది నాకు. అడ్డాకు బిరుసుగా ఉంటుంది, అరటినార నీళ్ళలో జారుతుంది. పొట్లం దానంతటదే విడిపోతే? బడికి వేళవుతున్నా వీధి గుమ్మంలోనే నిలబడ్డాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం నేను. చాలాసేపటికి పిన్ని నిండు బిందెతో వచ్చింది. ఎప్పటికంటే మెల్లగా నడుస్తోంది. నన్ను దాటిపోతూ, "ఎండలో ఏటి నిలబడ్డావు, లోపలికెల్లు" అంది. అంతే. ముఖంలో నాకేమీ కనపడలేదు. హమ్మయ్య అనుకున్నాను. అమ్మవారికి మనసులో దణ్ణం కూడా పెట్టాను. సిగ్గులేదని మీకనిపిస్తే, నాకూ అలాగే అనిపిస్తుంది.

మర్నాడు పిన్ని పాతచీర ముక్కలో కట్టిన సొమ్ము తెచ్చి నా చేతిలో పెట్టింది. పెట్టిన చేయి వెంటనే తీయలేదు. "నీ సేతికే ఇస్తున్నానురా. నీకు మేలవ్వాల" అంది. దీవెన అనుకున్నాను. డబ్బు పట్టుకుని ఆ పూటే షావుకారు దగ్గరికి వెళ్ళాను.

నా ఆరు వందలూ నాకు వచ్చాయి. గొలుసు విడిపించాను. పెళ్ళిలో నా భార్య మెడలో అది మెరిసింది. మా మామగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని భోజనం చేశాడు. నా ఆరు వందల్లో మిగిలినది ఎక్కడ పెట్టానో చెప్పమంటారా? పోస్టాఫీసులో. ఆ చీర ముక్కను నేను తిరిగి ఇవ్వలేదు, ఆవిడా అడగలేదు.

ఆ తరువాత జరిగింది మీరు ఊహించగలరు. గొడవలు తొందరగా చల్లారలేదు. రెండేళ్ళకు షావుకారు దివాలా తీశాడు. కొండవాళ్ళే సొమ్ము మింగేశారని బజారంతా అంది. నేను కూడా తల ఊపాను. ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి అడవి పట్టినవాళ్ళు ఏం మింగుతారు? నిజానికి దారులు తెరిచాక కొందరు తమ అప్పు తీర్చడానికి తవ్వినంత పసుపు మోసుకుని దిగారు. షావుకారు కొట్టులో మిగిలింది అదే. దాన్ని వాటాదార్లకు పంచారు. పిన్ని వంతుకు ఒక గోనె పసుపు కొమ్ములు వచ్చాయి.

ఎనిమిది వందల రూపాయలకు ఒక గోనె పసుపు. భర్త పోయిన మనిషికి. ముఖానికి రాసుకోకూడదు, కాళ్ళకు రాసుకోకూడదు. ఆ గోనెను బావగారింటి వంటగది మూలన పెట్టారు. ఏళ్ళ తరబడి ఆ ఇంటి పప్పులోనూ పులుసులోనూ అదే పసుపు. శ్రావణంలో వీధి ముత్తైదువలకు పిన్ని తోటికోడలి చేత కొమ్ములు కొమ్ములుగా పంచిపెట్టించింది. నా భార్య కూడా కొంగు పట్టి ఒక శేరు తెచ్చుకుంది. "మీ పిన్నిది మంచి చెయ్యండీ" అంది. ఆ పూట నేను పప్పు వద్దన్నాను. అజీర్ణం అన్నాను.

ఇంకో సంగతి. దీంతో నా పేరు పెరిగింది. మీరు నమ్ముతారా? "మేష్టారు పోస్టాఫీసే మేలని మొత్తుకున్నారు, పువ్వు వేరేగా చెప్పింది, ఆయనేం చేస్తారు" అని పక్కింటి గుమాస్తా ఊరంతా చెప్పాడు. పిన్ని కూడా అదే చెప్పింది. తోటికోడలు ఒకరోజు నా ముందే దెప్పింది, చదువుకున్న కొడుకుంటే మాత్రం ఏం లాభమని. పిన్ని గరిటె పక్కన పెట్టి, "ఆడినేటీ అనకు అక్కా. ఆడు వొద్దనే అన్నాడు" అంది. నేను అక్కడే ఉన్నాను. గోడ వైపు చూశాను. మా అరుగు మీద జనం ఎక్కువయ్యారు. చనిపోయిన భర్తల డబ్బుతో ఆడవాళ్ళు వచ్చి సలహా అడిగేవారు. నేను చెప్పేవాణ్ణి. మంచి సలహాలే చెప్పాను. ఎవరికీ నష్టం రాలేదు.

పెంకుటింట్లో వేరే ఎవరో దిగారు. పిన్ని ఆ వీధిన వెళ్ళడం మానేసింది. పదిమంది వంట, పక్కకు తిరిగి చూడడం, అగ్గిపుల్ల గీయడం. అలాగే ముసలిదైంది.

చెప్పాలని అనుకోలేదా? అనుకున్నాను. ప్రతి పండక్కీ అనుకున్నాను. ఇవాళ చెబితే రేపు ఆవిడ ముఖం ఎలా చూస్తాను అనుకునేవాణ్ణి. అసలు చూడగలుగుతున్నానా? డబ్బు కొంచెం కొంచెంగా తిరిగి ఇద్దామనుకున్నాను. ఎందుకిస్తున్నావని అడిగితే? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను అడుసు తొక్కి, కాలు కడగకుండానే ఇల్లంతా తిరిగాను.

చివరికి పిన్నికి చూపు మందగించింది. పొయ్యి దగ్గర రెండుసార్లు చేయి కాల్చుకుంది. అప్పుడు నేను మా ఇంటికి వచ్చేయమన్నాను. నా భార్య వద్దనలేదు, రమ్మనీ అనలేదు. పిన్ని నవ్వి, "అమ్మని అడుగుదాం" అంది.

మళ్ళీ పెరట్లోకి వెళ్ళాను. ఈసారి రెండే పువ్వులు. తెల్లది వస్తే మా ఇంటికి రావడం, ఎర్రది వస్తే అక్కడే ఉండిపోవడం. చేతిలో అడ్డాకులు పట్టుకుని నిలబడ్డాను. రెండింటిలోనూ తెల్లపువ్వు పెట్టేస్తే? ఇంకొక్క తెల్లపువ్వు ఎక్కడినుంచైనా కోసుకొస్తే చాలు, పిన్ని మిగిలిన రోజులు నా ఇంట్లో గడుస్తాయి. నా పొయ్యి ఆవిడ పొయ్యి అవుతుంది. పెట్టలేదు. ఒకసారి చేసిన మోసం చాలు, ఇకనైనా నిజాయితీగా ఉంటాను అనుకున్నాను. ఎంత బాగుందో వినడానికి! నిజంగా అందుకేనా? నా భార్య మౌనం నాకు గుర్తు రాలేదా? రోజూ ఆ కళ్ళ ముందు తినాలన్న భయం లేదా? ఎదుటి మనిషి ఇల్లు పోగొట్టడానికి దేవతను మోసం చేసినవాణ్ణి, ఇల్లు ఇవ్వడానికి మాత్రం నీతిమంతుణ్ణి అయిపోయాను. ఈ ముడి నాకు ఇప్పటికీ వీడలేదు.

పిన్ని కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. ఎర్రది.

నేను రెండో పొట్లం తీసి లేవబోయాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"ఈసారి అది కూడా ఇప్పు నాయనా" అంది. "ఏటిలో ఇడిసేసినాక తెలుసుకోడం కంటే ఇక్కడే సూసుకుంటే మేలు కదా."

 విప్పాను. ఆవిడ ఆ పువ్వును చేతిలోకి తీసుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. తెల్లదే. తల ఊపింది. పువ్వును పటం దగ్గర పెట్టి, నా వైపు తిరిగి కూర్చుంది.

అంటే ఆ రోజు ఏటి దగ్గర పొట్లాలు విడిపోయాయి. పచ్చపువ్వులు రెండూ ఆవిడ చూస్తుండగానే నీళ్ళ మీద తేలాయి. చూసి, బిందె నింపుకుని, మెల్లగా నడిచొచ్చి, ఎండలో నిలబడవద్దని నాకు చెప్పింది. ఆ మర్నాడు కదా సొమ్ము తెచ్చింది! అమ్మవారు చెప్పిందని తేలేదు. ఈ పిల్లాడు ఇంత పనికి ఒడిగట్టాడంటే వీడి మెడకు ఏదో ఉరి పడి ఉంటుందని తెచ్చింది. తెలిసే తన పొయ్యిని నా చేతిలో పెట్టింది. తెలిసే ఇన్నేళ్ళూ తోటికోడలి దగ్గర నన్ను వెనకేసుకొచ్చింది.

ఇప్పుడు నా ముందు కూర్చుని ఎదురుచూస్తోంది. ఆ మసక కళ్ళలో కోపం లేదు. నేనొక మాట అనాలి, అంతే. అడగకుండా అంత దారి చేసి ఇచ్చింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. వంటింట్లో నా భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను నోరు తెరిచాను.

"భోజనానికి లే పిన్నీ, వేళైంది" అన్నాను.

"ఊఁ" అంది. నా భుజం పట్టుకుని లేచింది. సాయంత్రం బావగారింటికి వెళ్ళిపోయింది. ఆ తరువాత ఎక్కువ కాలం బతకలేదు. పోయేదాకా ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఎత్తే వంతు నాది.

మోసం చేసినందుకు సిగ్గుపడుతున్నానని మీకు మొదట్లో అనిపించి ఉంటుంది. అది నిజమే. కానీ నన్ను ఎక్కువ కాల్చేది ఆ భోజనం మాట. భయంతో మోసం చేశానని సరిపెట్టుకోవచ్చేమో. ఆ రోజు నాకు భయపడడానికి ఏం మిగిలింది? ఆవిడకు తెలుసు. తెలిసి క్షమించిందో, నన్నేమీ అనదలుచుకోలేదో, కేవలం నా నోటితో విందామనుకుందో, అది ఇక నాకు తెలిసే దారి లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించినా అది నాకు చెందదు.

ఆవిడ వినాల్సిన మాట ఒకటుంది. చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది, వినేవాళ్ళేమో మీరున్నారు. ఇంతసేపూ మీకు చెప్పాను కానీ ఆవిడతో అనలేదు కదా. కాగితం మీదైనా ఒకసారి అంటాను.

పిన్నీ, ఆ రోజు మూడు పొట్లాల్లోనూ పచ్చపువ్వే పెట్టాను.